మా ఫిర్యాదు తెలుగులో తీసుకోండి: సైబర్ మోసాలపై ఒడిశా సరిహద్దు నుంచి బహిరంగ లేఖ

ఒడిశా దక్షిణ సరిహద్దు జిల్లాల కలెక్టర్లకు, పోలీసు సూపరింటెండెంట్లకు, రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీకి, సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 హెల్ప్‌లైన్ చూసే అధికారులకు నమస్కారం.

నేను గజపతి జిల్లాలో బ్యాంకు మిత్రగా పనిచేస్తున్నాను. వేలిముద్ర మిషను పెట్టుకుని పింఛను, ఉపాధి కూలి, ఆడవాళ్ళకు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే సుభద్ర పథకం వాయిదా డబ్బులు మనిషి చేతిలో పెట్టడం నా పని. ఖాతాలో డబ్బు మాయమైందని తెలిసినవాళ్ళు పోలీసు స్టేషన్‌కన్నా ముందు మా దగ్గరికే పరుగెత్తుకొస్తారు. అలా వచ్చినవాళ్ళంతా సంతకాలు, వేలిముద్రలు పెట్టి ఇచ్చిన అర్జీకి ఈ రోజు వరకు జవాబు రాలేదు. రసీదు మా దగ్గర ఉంది. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల తెలుగువాళ్ళం మేము. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు హద్దు గీత మాకు అవతల పడింది, మేము ఇవతల ఉండిపోయాం. పర్లాకిమిడిలో ఇల్లు, పాతపట్నంలో సంత. బరంపురంలో పని, ఇచ్ఛాపురంలో చుట్టాలు. మా బతుకు రెండు వైపులా ఉంటుంది. దాని వల్ల మాకు ఏనాడూ ఇబ్బంది లేదు. ఫోన్‌లో డబ్బు పోయినప్పుడే అదొక శాపం అవుతోంది.

"మీరే ఓటీపీ చెప్పి ఉంటారు, చదువు లేకపోతే ఇంతే" అనే మాట మాకు ప్రతి కౌంటర్ దగ్గరా వినపడుతోంది. దయచేసి ఆ మాట అనే ముందు ఈ లెక్కలు చూడండి. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి 2024లో 8 లక్షల 59 వేలకు పైగా ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో పోయిన సొమ్ము 1,660 కోట్ల డాలర్లు, అంటే సుమారు 1 లక్షా 40 వేల కోట్ల రూపాయలు. అంతకుముందు ఏడాదికన్నా ఇది మూడో వంతు ఎక్కువ. 2016లో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు సొమ్మే 8.1 కోట్ల డాలర్లు దొంగలు తరలించారు. 2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ సహకార బ్యాంకు 94 కోట్ల రూపాయలు పోగొట్టుకుంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే అంత పెద్ద ఆసుపత్రి రోజుల తరబడి కాగితాల మీద రాసుకుంటూ నడిచింది. ఇంజనీర్లు, భద్రతా విభాగాలు ఉన్న సంస్థలే నిలబడలేకపోయిన చోట, జీడితోటలో కూలికి వెళ్ళే మనిషిని "నీదే తప్పు" అనడం న్యాయం కాదు.

మన దేశం సంగతి పార్లమెంటులో కేంద్ర హోంశాఖ చెప్పిన లెక్కల్లోనే ఉంది. సైబర్ మోసాల్లో 2023లో ప్రజలు 7,465 కోట్లు పోగొట్టుకున్నారు. 2024లో అది 22,845 కోట్లు అయింది. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు. రోజుకు 62 కోట్లు. డబ్బును దారిలోనే ఆపే వ్యవస్థ 2021లో మొదలైతే, 2025 జులై వరకు అన్నేళ్ళలో కలిపి కాపాడగలిగింది సుమారు 5,489 కోట్లు. ఆ పని చేసిన సిబ్బందికి దండం పెడతాను. అయినా ఒక్క ఏడాదిలో పోయిన దానిలో అది నాలుగో వంతు కూడా లేదు. ఆ కాపాడిన సొమ్ములో మా పల్లెల వాటా ఎంత ఉంటుందో నేను రోజూ చూసేదాన్ని బట్టి ఊహించగలను.

ఈ దొంగలకు మా పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ పథకం డబ్బు ఎప్పుడు పడుతుందో ఎలా తెలుస్తోంది? ఎక్కడో పెద్ద సంస్థల దగ్గర లీకైన సమాచారమే వాళ్ళకు పెట్టుబడి. 2021లో ఎయిర్ ఇండియా ప్రయాణికులు 45 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. 2023 అక్టోబరులో 81 కోట్ల మందికి పైగా భారతీయుల ఆధార్, పాస్‌పోర్టు వివరాలంటూ ఇంటర్నెట్ చీకటి బజారులో అమ్మకానికి పెట్టారు. ఐబీఎం అనే కంప్యూటర్ కంపెనీ ఏటా వేసే లెక్క ప్రకారం 2025లో మన దేశంలో ఒక సంస్థలో డేటా లీకైతే ఆ సంస్థకు అయ్యే ఖర్చు సగటున 22 కోట్ల రూపాయలు. కంపెనీకి ఎంత పోయిందో లెక్క వేసేవాళ్ళు ఉన్నారు. అదే లీకు వల్ల రెండేళ్ళ తర్వాత ఒక ముసలామె పింఛను పోతే అది ఏ పద్దులోనూ చేరదు. నా దృష్టిలో అసలు నష్టం ఆ పద్దుల బయటే ఉంది.

అది మా దగ్గర ఎలా ఉందో వివరిస్తాను.

1. మొదటి గంట మా చేతిలోంచి జారిపోతోంది. దొంగ ఖాతాలో పడిన డబ్బు నిమిషాల్లో ఐదారు ఖాతాలకు చీలిపోతుంది. వేరే రాష్ట్రంలో ఏటీఎం నుంచి నోట్లుగా బయటికొస్తుంది. ఆ తర్వాత ఆపడానికి ఏమీ మిగలదు. కాబట్టి 1930కి వెంటనే ఫోన్ చేయమని మేమే అందరికీ చెబుతాం. చేస్తారు కూడా. అటువైపు మనిషి ఒడియాలోనో హిందీలోనో మాట్లాడతారు. ఇటు ఉన్న ఆమెకు తెలుగు వచ్చు, సవర వచ్చు. లావాదేవీ నంబరు చెప్పమంటే ఏ నంబరో అర్థం కాదు. భయంలో గొంతు పెగలదు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నొక్కి, ఫోన్ మొత్తం దొంగల చేతికి వెళ్ళిపోయిన ఒక రైతు కుటుంబం ఇలాగే ఫోన్ పెట్టేసి, తెల్లారాక నా దగ్గరికి వచ్చింది. నేను ఫిర్యాదు నమోదు చేయించేసరికి ఖాతాలో వరి అమ్మిన డబ్బు లేదు, దొంగ ఖాతాలోనూ లేదు. ఆ రాత్రి తెలుగు తెలిసిన ఒక్క మనిషి ఫోన్ ఎత్తి ఉంటే సగమైనా ఆగేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2. ఠాణా నుంచి ఠాణాకు తిప్పుతున్నారు. మాలో చాలామందికి ఖాతా ఆంధ్రా వైపు బ్రాంచిలో ఉంటుంది, ఆధార్ ఒడిశా అడ్రసుతో ఉంటుంది. ఒడిశాలో ఒక ఠాణాకు వెళితే "బ్యాంకు ఆంధ్రాలో ఉంది, అక్కడ ఇవ్వు" అన్నారు. అక్కడికి వెళితే "నువ్వు ఉండేది ఒడిశాలో, మాకెందుకు ఇస్తావు" అన్నారు. డబ్బు చేరింది మూడో రాష్ట్రానికి, ఫోన్ వచ్చింది బహుశా వేరే దేశం నుంచి. దొంగకు అడ్డురాని హద్దు బాధితుడికి మాత్రం అడ్డుపడుతోంది. సాలూరు, పొట్టంగి మధ్య కొఠియా ఊళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. అక్కడివాళ్ళకు రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఓట్లు అడగడానికి రెండు వైపుల నుంచీ వస్తారు. వాళ్ళ ఖాతా ఖాళీ అయితే ఎవరు రాసుకోవాలి?

3. ఏ పాపం తెలియనివాళ్ళ ఖాతాలు స్తంభింపజేస్తున్నారు. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. గోపాల్‌పూర్ వైపు తెలుగు మత్స్యకారుల ఆడవాళ్ళు ఇప్పుడు చేపల బుట్ట పక్కన క్యూఆర్ కోడ్ పెట్టుకుంటున్నారు. కొన్న మనిషి ఎవరో, అతని డబ్బు ఎక్కడిదో వాళ్ళకెలా తెలుస్తుంది? అతను చేపలకు ఇచ్చిన మూడు వందల రూపాయలు దొంగ సొమ్ములో ముక్క అయితే, ఎప్పుడూ పేరైనా వినని ఊరి పోలీసుల నుంచి బ్యాంకుకు నోటీసు వస్తుంది. బ్యాంకు మొత్తం ఖాతానే ఆపేస్తుంది. సంఘం అప్పు కిస్తీ ఆగిపోతుంది, వలకు, డీజిల్‌కు ఇవ్వాల్సింది ఆగిపోతుంది. "ఆ పోలీసుల దగ్గరికి వెళ్ళి లెటర్ తెచ్చుకో" అంటారు. రైలు టిక్కెట్టుకే మూడు వందల కన్నా ఎక్కువ అవుతుంది. పట్టిన కాడికి ఒడ్డున అమ్ముకుని బతికే మనిషికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇలాంటి కేసులోనే కేరళ హైకోర్టు 2023లో, పోలీసులు చెప్పిన అనుమానిత మొత్తం వరకే ఆపాలని, మిగతా ఖాతాను నడవనివ్వాలని చెప్పింది. ఇక్కడి బ్రాంచిల్లో ఆ పద్ధతి నాకు కనపడలేదు.

4. వేలిముద్ర మీద నమ్మకం పోతోంది. 2018లో తెలంగాణలో భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీదున్న వేలిముద్రలను కాపీ చేసి సిమ్ కార్డులు తీసిన వ్యవహారం పోలీసులే బయటపెట్టారు. ఆ తర్వాత అదే రకం నకిలీ ముద్రలతో ఆధార్ ద్వారా ఖాతాల నుంచి డబ్బు తీయడం చాలా రాష్ట్రాల్లో జరిగింది. ఇందులో ఓటీపీ లేదు, ఫోన్ లేదు, బాధితురాలు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆధార్ వేలిముద్రలను లాక్ చేసుకునే వీలుందని మా సెంటర్‌కు వచ్చేవాళ్ళకు నేను చెబుతాను. ప్రభుత్వం తరఫున ఎవరూ వాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పలేదు. ఒక ఊళ్ళో ఒకామెకు ఇలా పోతే ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ డబ్బు పడిన రోజే మొత్తం తీసేసుకుంటున్నారు. దాచుకోవడం మానేశారు. అవసరం పడితే మళ్ళీ వడ్డీ వ్యాపారి గుమ్మమే. ఇన్నేళ్ళు కష్టపడి బ్యాంకు అలవాటు చేసిన మా పని నీళ్ళపాలవుతోంది.

5. మా పిల్లలు కూడా ఈ వలలో పడుతున్నారు. "డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం" అని కంబోడియా, మయన్మార్ తీసుకెళ్ళి, పాస్‌పోర్టు లాక్కుని, కొట్టి మరీ జనాన్ని మోసం చేయించే శిబిరాలు ఉన్నాయి. అలాంటి చోట్ల మయన్మార్‌లో కనీసం 1 లక్షా 20 వేల మంది, కంబోడియాలో సుమారు 1 లక్ష మంది చిక్కుకుని ఉంటారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. ఆ ముఠాల ఏజెంట్ల ఆచూకీ ఒడిశాలో రౌర్కెలా పోలీసులు, ఆంధ్రాలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. మా జిల్లాలు సరిగ్గా ఆ రెండింటి మధ్య ఉన్నాయి. విదేశం వెళ్ళనివాళ్ళను ఊళ్ళోనే పట్టుకుంటున్నారు. కొన్ని వేలు ఇచ్చి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అద్దెకు తీసుకుంటారు. కుర్రాడికి అది నేరమని తెలిసేది పోలీసులు ఇంటికి వచ్చినప్పుడే.

ఇక మేము అడిగేవి. వీటిలో చాలా వాటికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నవి అమలు చేస్తే చాలు.

1. ఒడిశాలో 1930కి వచ్చే కాల్స్‌కు రాత్రీ పగలూ తెలుగు తెలిసినవాళ్ళు ఉండాలి. ఠాణాలో, బ్యాంకులో, కలెక్టరేట్‌లో తెలుగులో రాసిన ఫిర్యాదును తీసుకోవాలి. ఇది దయతో ఇవ్వాల్సింది కాదు. దేశంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి మనిషికీ ఇచ్చింది. రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల నంబరు 14448లో తెలుగు ఉంది. 1930లోనూ మాకు అలాగే దొరకాలి.

2. నేరం ఎక్కడ జరిగినా, మనిషి వచ్చిన ఠాణాలోనే ఫిర్యాదు రాసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు చెప్పాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. సైబర్ కేసు ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలన్నది నిజమే. అంతమాత్రాన చిన్న ఠాణాలో ఫిర్యాదు తీసుకోకూడదని ఎక్కడా లేదు. ఇంకో విషయం. పది లక్షల పైన పోతే 1930 ఫిర్యాదే నేరుగా ఎఫ్ఐఆర్‌గా మారే పద్ధతి 2025 మేలో ఢిల్లీలో మొదలుపెట్టారు. మంచిదే. మా దగ్గర పది లక్షలు ఎవరికి ఉంటాయి? సుభద్ర వాయిదా ఐదు వేలు. అది పోతే ఆ ఇంటికి పండగ లేదు, పిల్లల పుస్తకాలు లేవు. ఆ పద్ధతి ఒడిశాకు తెచ్చేటప్పుడు పరిమితిని మా సంపాదనను బట్టి పెట్టండి.

3. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాలను ప్రతి బ్రాంచి, ప్రతి బ్యాంకు మిత్ర సెంటర్ గోడ మీద తెలుగులో, ఒడియాలో అతికించాలి. మనకు తెలియకుండా, మన పొరపాటు లేకుండా బయటివాళ్ళు చేసిన మోసాన్ని మూడు పని దినాల్లో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు పని దినాలైతే జీరో బ్యాలెన్స్ ఖాతాకు నష్టం ఐదు వేలు దాటకూడదు. పది పని దినాల్లో ఆ సొమ్ము ఖాతాలో వేయాలి. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేసే బాధ్యత బ్యాంకుది. చివరికి ఓటీపీ చెప్పిన మనిషికి కూడా, బ్యాంకుకు తెలియజేశాక పోయిన డబ్బు బ్యాంకే భరించాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కౌంటర్ దగ్గర అడిగితే "హెడ్ ఆఫీసుకు మెయిల్ పెట్టాం" అనే జవాబే వస్తోంది. ఫిర్యాదు ఇచ్చిన తేదీ, సమయంతో రసీదు ఇవ్వని బ్రాంచి మీద చర్య తీసుకోవాలి, ఎందుకంటే రసీదు లేకపోతే మూడు రోజుల లెక్కే లేదు.

4. అనుమానం ఉన్న మొత్తం మాత్రమే ఆపాలి. ఎందుకు ఆపారో ఖాతాదారుకు రాతపూర్వకంగా చెప్పాలి. వేరే రాష్ట్ర పోలీసులతో మాట్లాడి విడిపించే పనికి జిల్లాలో ఒక అధికారిని పెట్టాలి. చేపలమ్మే మనిషిని వెయ్యి కిలోమీటర్లు పంపకండి.

5. దారిలో ఆపిన డబ్బు తిరిగి ఇవ్వడానికి పర్లాకిమిడి, గుణుపురం, జయపురం లాంటి చోట్ల లోక్ అదాలత్‌లు పెట్టాలి. తెలంగాణలో ఈ పద్ధతిలో బాధితులకు డబ్బు వెనక్కి ఇప్పించారు. ఇక్కడ డబ్బు ఆగిందని మెసేజ్ వచ్చినవాళ్ళకు కూడా ఆ డబ్బు ఎలా తెచ్చుకోవాలో తెలియదు. కోర్టుకు వెళ్ళి వకీలుకు ఇచ్చుకుంటే మిగిలేది ఏమీ ఉండదు.

6. ఇది కేంద్రానికి మీ ద్వారా పంపమని కోరుతున్నాం. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటాను కాపాడని సంస్థకు 250 కోట్ల వరకు జరిమానా వేయవచ్చు. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు వెళుతుంది. డేటా పోయిన మనిషికి పరిహారం అడిగే వీలిచ్చిన ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను ఈ చట్టంతోనే తీసేసే ఏర్పాటు చేశారు. ఇది ఏ రకంగానూ సమంజసం కాదు. నష్టం మాది, జరిమానా ఖజానాది. పరిహారం నిబంధన మళ్ళీ పెట్టాలి. మన వివరాలు తీసుకునే ముందు ఇచ్చే సమ్మతి నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలని ఆ చట్టమే చెబుతోంది. అలాగే డేటా లీకైనప్పుడు బాధితులకు పంపే సమాచారం కూడా తెలుగులో రావాలి.

7. సంత రోజుల్లో, పింఛను పంచే రోజుల్లో ప్రచారం చేయండి, తెలుగులో, ఇక్కడి గిరిజనుల భాషలైన సవరలో, కుయిలో. బ్యానరు కట్టి ఫొటో తీసుకునే సభలు వద్దు. ఫోన్ చేతికిచ్చి 1930కి ఎలా మాట్లాడాలో నేర్పే మనిషి చాలు. బ్యాంకు మిత్రలం మేము జీతం అడగకుండా ఆ పనికి వస్తాం.

మా దగ్గర బాధితుల పాస్‌బుక్ పేజీలు, ఫిర్యాదు నంబర్లు, బ్యాంకులు ఇచ్చిన జవాబులు ఉన్నాయి. వాళ్ళ ఒప్పుకోలుతో అన్నీ ఒక ఫైలులో పెట్టాం. మీరు ఏ రోజు పిలిస్తే ఆ రోజు తెచ్చి చూపిస్తాం. నెల రోజుల్లో రాతపూర్వక జవాబు ఇవ్వాలని, పోలీసు, బ్యాంకు, కలెక్టరేట్ అధికారులు మాతో కలిసి ఒక సమావేశం పెట్టాలని కోరుతున్నాం. అది జరగకపోతే ఈ ఫైలుతోనే భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళతాం.

ఇట్లు,
సరిహద్దు పల్లెల ఖాతాదారుల తరఫున,
ఒక బ్యాంకు మిత్ర, గజపతి జిల్లా, ఒడిశా